రత్నమ్మ సంగటికి నేను చెప్పిన అర్థం

కొన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మోయడం అన్నాను కదా అని గుండె మీద బండరాయిని ఊహించుకోకండి. నాది అంత గంభీరమైన వ్యవహారం కాదు. పంటి సందున ఇరుక్కున్న మిరపగింజ లాంటిది. తింటాను, నవ్వుతాను, సినిమాలకు వెళతాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. కానీ నాలుక ఊరుకోదు. ఉండుండి అక్కడికే పోతుంది. పోయినప్పుడల్లా చురుక్కుమంటుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. తెలిసినవాళ్లకు చెబితే వెంటనే ఓదారుస్తారు, లేకపోతే ఊరంతా చాటుతారు. నాకు రెండూ వద్దు. వినండి, నవ్వొస్తే నవ్వండి, తిట్టాలనిపిస్తే తిట్టండి. తర్వాత మీ పని మీరు చూసుకోండి.

మాది రామసముద్రం దగ్గర ఒక పల్లె. ఈ ఒక్క వాక్యం అప్పుడు నా నోట్లోంచి వచ్చి ఉంటే, ఇప్పుడు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

చదువైపోయి బెంగళూరులో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్క సీటులో కూర్చునే తెలుగాయన్ని "నా ఛార్జరు యాడుండాది?" అని అడిగాను. ఆయన నవ్విన నవ్వు ఆఫీసంతా వినిపించింది. ఆ తర్వాత నా పేరే 'యాడుండాది' అయిపోయింది. టీ తాగడానికి పిలవాలన్నా "యాడుండాదీ, వస్తావా?" అనేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం బాత్రూములో కూర్చుని ఏడ్చాను. ఆ ఉద్యోగం మానేసి ఇంకో కంపెనీలో చేరేటప్పటికి నాలుకను శుభ్రంగా తోముకున్నాను. 'ఉండాది' పోయి 'ఉంది' వచ్చింది. 'సూడు' పోయి 'చూడు' వచ్చింది. మీదే ఊరంటే బెంగళూరే అన్నాను. ఎవరూ అనుమానించలేదు. ఎవరికీ అంత తీరిక కూడా లేదు.

నా ఖర్మ కాకపోతే, ఆ కొత్త కంపెనీకి దక్కిన పెద్ద పని ఏమిటో తెలుసా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం. నేను తప్పించుకుని వచ్చిన ఊళ్లే.

బిగ్ డేటా అనలిటిక్స్ అని ఆ పనికి పెద్ద పేరుంది. విప్పి చెబితే ఇంతే. శనాదివారాల్లో హార్సిలీ హిల్స్ చల్లగాలికి, పుంగనూరు పొట్టి ఆవులను చూడటానికి బెంగళూరు నుంచి జనం వస్తారు. వాళ్లు ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడ తింటున్నారు, ఎక్కడ విసుక్కుంటున్నారు అన్నది సెల్‌ఫోన్ల కదలికల నుంచి, కెమెరాల నుంచి, బస్సు టికెట్ల నుంచి పోగుచేయాలి. ఆ పోగునంతా కంప్యూటరు నమిలి, ఊరి మ్యాపు మీద మంచి చోట్లకు ఆకుపచ్చ గుర్తు, చెడ్డ చోట్లకు ఎర్ర గుర్తు పెడుతుంది. టూరిస్టు బస్సు ఎక్కడ ఆగాలో ఆ గుర్తులు చూసి నిర్ణయిస్తారు. చిన్న ఊళ్లు కూడా స్మార్ట్ అవుతున్నాయని అందరం ఉత్సాహంగా ఉండేవాళ్లం. నేనూ ఉన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పని నాకు భలే ఇష్టంగా ఉండేది.

మొదట్లో తమాషాలు కూడా జరిగాయి. మదనపల్లెలో తెల్లవారకముందే ఒకే చోట వందలాది మంది బయటి రాష్ట్రాల వాళ్లు గుమిగూడుతున్నారని, గంటలకొద్దీ అక్కడే గడుపుతున్నారని కంప్యూటరు చెప్పింది. ఇదేదో గొప్ప పర్యాటక కేంద్రం అని మా బాసు పొంగిపోయాడు. ఆయన ఉత్తరాది మనిషి, మంచివాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. వెళ్లి చూస్తే అది టమోటా మార్కెట్టు. వాళ్లంతా లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవర్లు. అందరం పడిపడి నవ్వాం. టీ తాగి వచ్చేలోపు ఆ తప్పు దిద్దేశాం. అంత సులువుగా ఎలా దిద్దగలిగాం? ఆ తప్పులో ఎవరి పరువూ లేదు కాబట్టి.

మా ఆఫీసు మదనపల్లెలోనే, ఒక మేడ మీద గదిలో. మా పల్లె అక్కడికి బస్సులో పోయేంత దగ్గర. అయినా నేను లాడ్జిలో ఉన్నాను. బస్టాండు దాటేటప్పుడు ముఖానికి చున్నీ కట్టుకునేదాన్ని. ఎవరైనా "ఓ పాపా!" అని పిలిస్తే నా బెంగళూరుతనం అక్కడే రాలిపోతుందని భయం. ఎండ కోసం కట్టుకున్నావా అని బాసు అడిగితే, దుమ్ము పడదు సార్ అన్నాను. దుమ్ములో పుట్టి దుమ్ములో పెరిగినదాన్ని, చూడండి ఎలా అన్నానో.

అసలు సంగతి బస్టాండుల్లో పెట్టిన మాట్లాడే మిషన్లతో వచ్చింది. బటన్ నొక్కి, ఈ ఊళ్లో మీకేం నచ్చింది, ఏం నచ్చలేదు అన్నది ఎవరి భాషలో వాళ్లు చెప్పొచ్చు. అవి మా కంప్యూటరుకు చేరతాయి. కానీ దానికి మా వైపు మాటలు రావు. ఏ మాట మెప్పో, ఏ మాట ఫిర్యాదో ముందు ఒక మనిషి నేర్పాలి. ఆ గదిలో తెలుగు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఇక్కడి యాస తెలుసా అని బాసు అడిగితే, "కొంచెం కొంచెం అర్థమవుతుంది" అన్నాను. అమ్మ పాలతో పాటు తాగిన భాషను కొంచెం కొంచెం అన్నాను.

ఇప్పుడు మీకు మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. ఇది తెలియకపోతే నేను చేసిన తప్పు మీకు అందదు. మా దగ్గర వంటను మెచ్చుకోవాలంటే తిట్టాలి. ముఖం మీద బాగుందంటే దిష్టి తగులుతుందనో, మెచ్చుకోవడం మాకు సిగ్గనో, ఎందుకో తెలియదు, మాకు అట్లా వచ్చేసింది. దీని దుంప తెగ అంటాం, పాణం తీసినావు పో అంటాం. ఎంత రుచిగా ఉంటే అంత పెద్ద తిట్టు. అదే ఎవరైనా మర్యాదగా "బాగుండాదిలేమ్మా" అన్నారంటే, ఉప్పు మరిచిపోయిందనో, పులుసు పులిసిపోయిందనో వండినావిడకు తెలిసిపోతుంది. రెండోసారి వడ్డించదు.

ఒకరోజు మధ్యాహ్నం బాసు పుంగనూరు మిషన్‌లోంచి వచ్చిన మొదటి మాటలు గదిలో అందరికీ వినిపించాడు. ఒక మగ గొంతు వినపడింది. అది మా మామ గొంతు. మా అమ్మకు తమ్ముడు, పొట్టి ఆవులు మేపుకునే మనిషి, చూడటానికి వచ్చిన పట్నంవాళ్లకు దూడలతో ఫోటోలు తీయించి సంబరపడే మనిషి. మిషన్ దగ్గర నోరు పెట్టి అరుస్తున్నాడు.

"ఏమప్పా మిషనూ, ఇనిపిస్తాండాదా? రత్నమ్మ సంగటి గురించి సెప్తాండా, బాగా ఇనుకో. ఆ సంగటి, ఆ ఊరిబిండి తిన్నోడు సచ్చిపోతాడప్పా! దీని దుంప తెగ! నిన్న తింటే పాణం పోయింది నాకు. మళ్లా ఈ పొద్దు గూడా వచ్చినా, సావడానికి!"

ఆపైన పెద్దగా నవ్వు.

రత్నమ్మ నాకు తెలియని మనిషి కాదు. పుంగనూరు సంతకు మామ చెయ్యి పట్టుకుని పోయినప్పుడల్లా ఆమె కొట్టులోనే తినేవాళ్లం. రాగిసంగటి ముద్ద, పైన నెయ్యి, పక్కన ఊరిబిండి. ఊరిబిండి అంటే వేరుశనగ గింజలూ పచ్చిమిరపకాయలూ రోట్లో నూరిన పచ్చడి. కళ్లలో నీళ్లు కారుతుంటే, ముక్కు తుడుచుకుంటూ తినేదాన్ని. ఇప్పుడు ఆమె కొట్టుకు రేకుల షెడ్డు వేసుకుంది. టూరిస్టు బస్సు ఆవులను చూపించి, మధ్యాహ్నం భోజనానికి ఆమె దగ్గరే ఆగేది. మొగుడు పోయాక ఆ కొట్టే ఆమెకు సంసారం. ఇవన్నీ నాకు తెలుసు.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు బాసు.

అందరూ నావైపు చూశారు. ఆ తిట్టు మెప్పని చెప్పాలి. చెబితే, నీకెలా తెలుసు అంటారు. మా ఊళ్లో అంతే అనాలి. ఆపైన ఆ గొంతు మా మామదని తెలుస్తుంది. ఆ నవ్వూ, ఆ అరుపూ, మిషన్‌ను "అప్పా" అని పిలవడమూ నావైపు వాళ్లవని తెలుస్తుంది. 'యాడుండాది' మళ్లీ పుడుతుంది. ఇదంతా రెప్పపాటులో అనుకున్నానా, లేక ఇప్పుడు కూర్చుని అల్లుకుంటున్నానా? తెలియదు. తెలిసిందల్లా నా నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు.

"అక్కడ తింటే చచ్చిపోతారు అంటున్నాడు సార్. నిన్న తిన్నాక ప్రాణం పోయినంత పనైందట."

చూశారా, ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పదానికి పదం సరిపోతుంది. కొన్నేళ్లపాటు నన్ను నేను సమర్థించుకున్నది ఈ పాయింటు మీదే. నేను అనువాదం చేశాను, అంతే కదా? కానీ బాసు తెలివైనవాడు. "చివర్లో ఏదో చెప్పి నవ్వాడే, అదేంటి?" అన్నాడు. ఈ పొద్దు గూడా వచ్చినా, సావడానికి. మళ్లీ తినడానికే వచ్చానన్న ఆ ఒక్క వాక్యం చెప్పినా చాలు, గదిలో అందరికీ అసలు అర్థం తెలిసిపోయేది.

"ఏం లేదు సార్. ఊతపదం" అన్నాను.

ఇదీ నేను చేసిన తప్పు. ఇంత చిన్నది. మీరు ఇంకేదో పెద్దది ఆశించి ఉంటే క్షమించండి.

కంప్యూటరుకు చిన్నదీ పెద్దదీ తెలియదు. నేర్పింది నేర్పినట్టు పట్టుకుంటుంది. సచ్చిపోతాం, పాణం పోయింది, దుంప తెగ. ఇవన్నీ ప్రమాదం కింద రాసుకుంది. పుంగనూరు జనం రత్నమ్మను ఎంత ప్రేమగా తిట్టారో అంత ఎర్రగా ఆమె కొట్టు మ్యాపులో వెలిగిపోయింది. తినాలంటే భయపడాల్సిన చోటట! రోడ్డు మీద ఇంకో పెద్ద హోటల్ ఉండేది. అక్కడ చప్పటి సాంబారు తిన్నవాళ్లంతా మర్యాదగా "బాగుండాదిలే, పర్వాలేదు" అని మిషన్‌కు చెప్పి పోయారు. దానికి పచ్చ గుర్తు. మా వైపు మెప్పు ఎర్రబడింది, మా వైపు తిట్టు పచ్చబడింది. ఇది వేరే ఎవరి కథైనా అయి ఉంటే నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఇప్పుడు రాస్తుంటే కూడా కాస్త నవ్వొస్తోంది.

టూరిస్టు బస్సు ఆ హోటల్ దగ్గర ఆగడం మొదలుపెట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు జరుగుతూ పోయింది. ఒక సంగతి ఆలస్యమైన కొద్దీ చెప్పడం కష్టమవుతుంది, ఎందుకంటే ఇప్పుడు ఆలస్యానికి కూడా జవాబు చెప్పాలి. చివరికి ఒకరోజు మామ ఫోన్ చేసి, మాటల్లో మాటగా, "రత్నమ్మ కొట్టు మూసేసిండాది పాపా. కుప్పంలో సెల్లెలి కాడికి పోయిందంట. ఎందుకో ఏమో. సంగటి కోసం నోరు పీక్కుంటాండాది" అన్నాడు. బస్సు ఎందుకు మారిందో ఆయనకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. బస్టాండు మిషన్‌కు మొదట మాట్లాడింది తనే అని ఊరంతా గర్వంగా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన సంబరం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. సిగ్గు కూడా వేస్తుంది.

తర్వాత మా పని కుప్పానికి చేరింది. బెంగళూరు రైలు దిగేవాళ్ల లెక్క చూడటానికి స్టేషను దగ్గర తిరుగుతుంటే, వెనక నుంచి కేక వినిపించింది. "ఓ పాపా! నువ్వు మన ఆవులాయప్ప మేనకోడలివి గదా!" నా చున్నీ ఏమీ పనిచేయలేదు. రత్నమ్మ. గ్రానైటు పనివాళ్లు, రైలుకు వచ్చేవాళ్లు తినే చిన్న కొట్టు ముందు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. అదే గొంతు, అదే నిండైన నవ్వు. చెయ్యి పట్టి లాక్కుపోయి కూర్చోబెట్టి, అడగకుండానే సంగటి పెట్టింది.

ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకుని తిన్నాను. కళ్లలో నీళ్ల కోసం చూశాను. రాలేదు. కారం లేదు. వేరుశనగ పిండిలో ఉప్పు కలిపినట్టుంది. తల ఎత్తేసరికి ఆమె నా ముఖంలోకే చూస్తోంది. మా వైపు వంట చేసినవాళ్లు ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"బాగుండాదా పాపా? నిజం సెప్పు."

"బాగుందక్కా" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె ముఖంలో నవ్వు అట్లాగే ఉంది గానీ, కళ్లు చిన్నబోయాయి.

"అందురూ అదే మాట అంటాండారు" అంది, నా ఎదురుగా కూర్చుంటూ. "పుంగనూరులో ఉన్నెప్పుడు ఒక్కురు గూడా బాగుండాది అన్లే. నోరారా తిట్టినారు తల్లీ. ఆ మిషను వచ్చినాక నా సేతి కూడు మంచిది గాదని సూపిచ్చిందంట. బస్సాయప్పే సెప్పినాడు. ఎవురికో కడుపునొప్పి వచ్చుంటాది పాపం. కారం శానా ఏస్తాండానేమో అని నేనే తగ్గిచ్చినా. ఇంగా తగ్గిచ్చినా. అయినా నాకు నమ్మకం కుదర్లే. రోట్లో సెయ్యి పెట్టినప్పుడల్లా ఆ మిషను నన్ను సూస్తాన్నట్టుంటాది. నువ్వు సదువుకున్న బిడ్డవు. అది అబద్ధం సెప్తాదా?"

"దానికి ఎవరైనా చెప్పిందే అది చెబుతుందక్కా."

"అయితే ఎవురో సెప్పినారు."

"ఎవరో చెప్పారు" అన్నాను.

ఆమె ఫక్కున నవ్వేసింది. "పోనీలే. వాళ్ల కడుపు సల్లంగుండనీ" అని, కొత్తగా వచ్చిన పనివాళ్లకు ఆకులు వేయడానికి లేచిపోయింది.

ఆమె దీవించింది నన్నే. ఆ విషయం ఆమెకు తెలియదు. నేను అక్కడే కూర్చుని ముద్ద మొత్తం తిన్నాను. చప్పగా ఉన్న ఊరిబిండి తింటుంటే కళ్లలో నీళ్లు అప్పుడొచ్చాయి. కారం ఎక్కువైందేమో అని ఆమె దూరం నుంచే కంగారు పడింది.

మదనపల్లెకు వచ్చిన వెంటనే కంప్యూటరుకు నేర్పిన మాటలన్నీ మార్చేశాను. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు. ఎర్ర గుర్తులు పచ్చబడ్డాయి, పచ్చ హోటల్ ఎర్రబడింది. ఫలితాలు ఇంత బాగా సరిపోతున్నాయేమిటి అని బాసు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాను. అందరూ వినయం అనుకున్నారు. కానీ పుంగనూరులో రత్నమ్మ షెడ్డు ఉన్న చోట అప్పటికే సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. లేని కొట్టుకు పచ్చ గుర్తు పెట్టి ఎవరిని ఉద్ధరించినట్టు?

మీరు అనొచ్చు, ఆమె కుప్పంలో బాగానే ఉంది కదా అని. బాగానే ఉంది. కొట్టు నడుస్తోంది, చెల్లెలి పిల్లలు ఆమె చుట్టూ తిరుగుతారు, రైలు డ్రైవర్లతో హాస్యాలాడుతుంది. ఆ మాట నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆమె బాగుండటం ఆమె గొప్ప, అందులో నా వాటా ఏమీ లేదు. నేను తీసుకున్నది ఆమె కొట్టును కాదు. కళ్లు మూసుకుని గుప్పెడు మిరపకాయలు రోట్లో వేసే ధైర్యాన్ని తీసుకున్నాను. అది తిరిగి ఇవ్వాలంటే నేను ఎదురుగా కూర్చుని, ఆ ఎవరో నేనే అక్కా, అని చెప్పాలి. అంత చిన్న మాట. బెంగళూరు నుంచి కుప్పం వెళ్లే రైలు రోజూ ఉంది. ఇంకా ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదు? ఆమె తిడుతుందని కాదు. తిడితే పండగ చేసుకుంటాను. "పోనీలే పాపా" అంటుందని భయం.

ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పడం పిరికితనమే. ఒప్పుకుంటున్నాను. అయినా ఇక్కడిదాకా రాసేసరికి నాలుకకు ఎన్నాళ్లకో హాయిగా ఉంది. ఈ హాయికి నేను అర్హురాలినా అని ఇప్పుడే అడగొద్దు. ముందు ఆ రోజు మదనపల్లె గదిలో అడిగిన ప్రశ్నకు నా జవాబు రాసుకోండి. ఆ గొంతు మా మామది. నాది రామసముద్రం. ఆ సంగటి తిన్నోడు సచ్చిపోతాడప్పా అంటే, లోకంలో ఇంతకన్నా మంచి కూడు ఇంగ యాడా లేదని అర్థం.